న్యూయార్క్‌లో 'ఆలిస్' థీమ్ బ్రంచ్‌కి చిన్నపిల్లని, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది. దాదాపు ఇదే పరిస్థితిలో కిందటేడు మేమూ వెళ్ళాం. ఊరి నుంచి వచ్చిన మీ అత్తగారు శాకాహారి, మీ పాపకి ఆరేళ్ళు, మాన్‌హాటన్‌లో 'ఆలిస్' అనే పిల్లల కథ థీమ్‌తో ఉండే బ్రంచ్ రెస్టారెంటుకి తీసుకెళ్తే బావుంటుందా, లేక నాలుగు ఫోటోలు దిగి డబ్బు వదిలించుకుని రావడమేనా అని కదా మీరు అడిగింది. వెళ్ళండి. కాకపోతే కథ తెలుసుకుని వెళ్ళండి. మేం ఇలాంటి చోట్లకి రెండుసార్లు వెళ్ళాం. ఒకటి చేదుగా మిగిలింది, రెండోది ఇప్పటికీ మా ఇంట్లో రోజూ మాటల్లోకి వస్తూనే ఉంటుంది.

ముందు ఆ మొదటిది చెప్పేస్తాను. పేరు వద్దు. పైకప్పు నిండా ప్లాస్టిక్ పూలు, గోడకి గులాబీ రంగు నియాన్ అక్షరాలు, కుర్చీలకి బదులు ఊయలలు. బల్ల దగ్గర కూర్చోగానే గంటన్నర తర్వాత లేవాలని చెప్పారు. ఫోటోల కోసం పక్కవాళ్ళు లేచి నిలబడుతుంటే మా పాప ప్లేటు రెండుసార్లు పక్కకి జరపాల్సొచ్చింది. పాన్‌కేకులు చల్లారిపోయి వచ్చాయి. అవన్నీ ఎలాగో సర్దుకుందుం గానీ, పాప చుట్టూ చూసి, "అమ్మా, ఇక్కడ కథేంటి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అక్కడ కథే లేదు. పూలున్నాయి, అంతే. పిల్లలు మనకంటే ముందే పట్టేస్తారు.

రెండోసారి వెళ్ళింది ఆలిస్ టీ కప్‌కి. మాన్‌హాటన్ అప్పర్ వెస్ట్ సైడ్‌లో, 102 వెస్ట్ 73వ వీధి. హేలీ ఫాక్స్, లారెన్ ఫాక్స్ అనే అక్కచెల్లెళ్ళు 2001లో మొదలుపెట్టారు. తర్వాత పెట్టిన శాఖలని బ్రాంచి అనరు, చాప్టర్ 2, చాప్టర్ 3 అంటారు. పుస్తకంలోంచి పుట్టిన హోటల్ కాబట్టి అధ్యాయాలన్నమాట. 73వ వీధిలో ఉన్నది మొదటి అధ్యాయం.

మా అమ్మ అప్పటికి రాజమండ్రి నుంచి వచ్చి నెల దాటింది. డెబ్భై రెండేళ్ళు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అపార్టుమెంటు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూసి చూసి విసుగెత్తిపోయింది. "బ్రంచ్ అంటే ఏంటే?" అంది. బ్రేక్‌ఫాస్టూ లంచీ కలిపి మధ్యలో తినేది, ఆ మాట 1895లో ఇంగ్లండులో గై బెరింజర్ అనే ఆయన రాసిన వ్యాసంతో వ్యాప్తిలోకి వచ్చింది, ఆదివారం పొద్దున్నే లేచి బరువైన భోజనం ఎందుకు, కాస్త ఆలస్యంగా లేచి తేలిగ్గా తిని కబుర్లు చెప్పుకుందాం అని ఆయన వాదన అని చెప్పాను. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "వరలక్ష్మీ వ్రతం రోజు పూజయ్యాక పదకొండున్నరకి తింటాం చూడు, అలాంటిదన్నమాట" అంది. నిజమే. పొద్దుట్నుంచి ఏమీ ముట్టకుండా ఉండి, ఇంటినిండా నలుగురు చేరాక, టిఫినూ భోజనమూ కాని వేళ తినే ఆ తిండికి ఉండే రుచే వేరు.

వెళ్ళడానికి వారం ముందు నుంచి పాపకి రాత్రిపూట కథ చెప్పడం మొదలుపెట్టాను. లూయిస్ కారల్ రాసిన 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్', గడియారం పట్టుకున్న తెల్ల కుందేలు వెంటపడి వింతలోకంలోకి పోయిన పిల్ల కథ, 1865లో అచ్చయింది. ఆయన అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల మాస్టారు. 1862 జూలై 4న థేమ్స్ నది మీద పడవలో వెళ్తూ ముగ్గురు అక్కచెల్లెళ్ళకి ఊసుపోకకి చెప్పిన కథ అది. అందులో నడిమి పిల్ల ఆలిస్ లిడెల్‌కి అప్పుడు పదేళ్ళు. ఆ పిల్ల రాసిపెట్టమని పట్టుబడితే పుస్తకమైంది. పాప పక్కన పడుకుని అమ్మ కూడా వింటూ ఉండేది. మొదటి రెండు రోజులూ ఊరికే విన్నది. మూడో రోజు టీ పార్టీ ఘట్టం వచ్చేసరికి లేచి కూర్చుంది.

ఆ ఘట్టం మీకు గుర్తులేకపోతే ఇక్కడే చెప్తాను, హోటల్లో అడుగుపెట్టాక పనికొస్తుంది. చెట్టు కింద పెద్ద బల్ల. టోపీలు చేసే పిచ్చి హ్యాటరూ, ఇంకో కుందేలూ టీ తాగుతుంటారు, మధ్యలో డోర్‌మౌస్ అనే చిట్టెలుక లాంటి జీవి నిద్రపోతుంటుంది. కాలంతో హ్యాటర్‌కి తగువొచ్చింది. అప్పట్నుంచి కాలం అలిగి, అతనికి ఎప్పుడూ ఆరుగంటలే చూపిస్తుంది. ఆరంటే వాళ్ళకి టీ వేళ. ఇక టీ వేళ ఎప్పటికీ అయిపోదు కాబట్టి కప్పులు కడుక్కునే తీరికే ఉండదు. ఎంగిలి కప్పు వదిలేసి పక్క కుర్చీకి జరుగుతూ, బల్ల చుట్టూ తిరుగుతూ ఉంటారు. మా అమ్మకి ఇది విపరీతంగా నచ్చింది. "అలిగింది కాలమా!" అని రెండుసార్లు అనుకుంది. ఆ రోజుల్లో టోపీల ఫెల్టు గుడ్డ తయారీలో పాదరసం వాడేవాళ్ళని, ఆ విషం ఎక్కి పనివాళ్ళకి చేతులు వణికి, మనసు చెదిరేదని, హ్యాటర్లకి పిచ్చి అనే మాట అలా నిలిచిపోయిందంటారని చెప్తే మాత్రం, "పాపం, వాళ్ళ పొట్టకూటి కోసం" అని ఊరుకుంది.

శనివారం కాకుండా శుక్రవారం వెళ్ళాం, నేను సెలవు పెట్టాను. వారాంతం బ్రంచ్ వేళ న్యూయార్క్‌లో ఏ పేరున్న చోటైనా రద్దీగానే ఉంటుంది, పెద్దవాళ్ళని ఫుట్‌పాత్ మీద నిలబెట్టడం నాకిష్టం లేదు. వీలుంటే మీరూ మామూలు రోజే చూసుకోండి, ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. ఎడిసన్‌లో ఎన్‌జే ట్రాన్సిట్ రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగాం. అక్కణ్ణుంచి సబ్‌వేలో 2, 3 నంబరు ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే రెండో స్టాపే 72వ వీధి. మేం మాత్రం కావాలని 1 నంబరు లోకల్ ఎక్కాం, 50వ వీధిలో దిగడానికి. ఆ స్టేషన్ గోడల మీద ఆలిస్ కథలోని పాత్రల మొజాయిక్‌లు, అంటే చిన్న చిన్న ముక్కలు అతికించి చేసిన బొమ్మలున్నాయి. అర్జెంటీనాలో పుట్టిన లిలియానా పోర్టర్ అనే కళాకారిణి 1994లో చేసినవి. పాప పరుగెత్తి వెళ్ళి, కుందేలు ఏదీ అని వెతికింది. వెనకొచ్చిన ఇంకో 1 నంబరు ఎక్కేశాం. పది నిమిషాలు ఆలస్యమైతేనేం, కథ రైలు స్టేషన్లోనే మొదలైపోయింది. మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పులుంటే పెన్ స్టేషన్ దగ్గర 34వ వీధిలోనూ, 72వ వీధిలోనూ లిఫ్టులున్నాయి.

ఇక హోటల్. నేను ఊహించుకున్న ఆర్భాటమేమీ లేదు. చిన్న చోటు. గోడల మీద కథలోని బొమ్మలు, పాత చెక్క బల్లలు, పక్క బల్లతో మోచెయ్యి తగిలేంత దగ్గరగా కుర్చీలు. పిల్లలకి అరువుకి రెక్కలిస్తారు. పల్చటి నెట్టు గుడ్డ రెక్కలు, భుజాలకి తగిలించుకునే ఎలాస్టిక్‌తో. మా పాప ఊదారంగు ఎంచుకుంది. వడ్డించే అమ్మాయి ఒక చిన్న డబ్బా తెచ్చి, మనసులో ఏదైనా కోరుకోమని చెప్పి, పాప తల మీద మెరుపు పొడి చల్లింది. దేవకన్యల పొడి అంటారు దాన్ని.

అప్పుడు మా అమ్మ చేసిన పని నేను మర్చిపోలేను. ఆ అమ్మాయి చెయ్యెత్తగానే, ఏమీ ఆలోచించకుండా, తనూ తలొంచింది. అక్షింతలనుకుంది. ఆ అమ్మాయికి అదేమీ తెలియదు కదా, అయినా ఒక్క క్షణం కూడా తడబడకుండా నవ్వి, అమ్మ నెరిసిన జుట్టు మీద కూడా ఓ చిటికెడు చల్లింది. "ఏం కోరుకున్నావు అమ్మమ్మా?" అని పాప అడిగితే, "చెప్తే జరగదు" అంది. సాయంత్రం రైల్లో కూడా అమ్మ పాపిట్లో ఆ పొడి తళుక్కుమంటూనే ఉంది.

తర్వాత కప్పులు వచ్చాయి. ఏ రెండూ ఒకలా లేవు. అమ్మ కప్పుకి నీలం పూలు, సాసరుకి బంగారు అంచు, నా కప్పుకి గులాబీలు, కెటిల్ పూర్తిగా ఇంకో రకం. మన ఇళ్ళల్లో చుట్టాలొస్తే జత కుదరని కప్పుల్లో టీ ఇవ్వడం నామోషీ కదా. అమ్మ నాకేసి చూసింది, ఏమైనా అనాలా వద్దా అన్నట్టు. పాపే అందుకుని, "కడగడానికి టైం లేదు కదా అమ్మమ్మా, అందుకే ఎక్కడెక్కడివో తెచ్చిపెట్టారు" అంది. నిజానికి కథలో అలా లేదు, కప్పులు వేర్వేరు రకాలని ఎక్కడా రాసుండదు. కానీ ఆరేళ్ళ పిల్ల ఆ కథని, ఆ బల్లని తనంతట తనే కలిపేసింది. "ఇక్కడ కథేంటి" అని ఈసారి నన్నెవరూ అడగలేదు.

తిండి సంగతి. మీ అత్తగారి కోసం కాస్త వివరంగా రాస్తాను. అక్కడ టీలే వందకి పైగా రకాలుంటాయి. వాళ్ళ పేరు మీదే ఉన్న ఆలిస్ టీలో నల్ల టీ, గ్రీన్ టీ, వెనిలా వాసన, గులాబీ రేకులు కలుస్తాయి. నేనది తీసుకున్నాను, వాసనకే సగం కడుపు నిండింది. అమ్మకి మాత్రం అస్సాం టీ చెప్పి పాలు విడిగా తెమ్మన్నాను. ఇది ముందే చెప్పి ఉంచండి: అక్కడ టీ అంటే పాలల్లో మరిగించిన మన చిక్కటి టీ కాదు. కెటిల్లో వేడినీళ్ళలో ఆకు నానుతుంది, పాలు పక్కన చిన్న జగ్గులో ఇస్తారు. అమ్మ ఆకు మరో రెండు నిమిషాలు నాననిచ్చి, పాలు పోసి, రంగు చూసి, ఇంకొంచెం డికాక్షన్ పోసి, తన లెక్కకి తెచ్చుకుంది. తొందరపడి పోసేస్తే నీళ్ళలా ఉంటుంది.

స్కోన్లు ఆ హోటల్‌కి పేరు తెచ్చినవి, ముఖ్యంగా గుమ్మడికాయ స్కోను. స్కోనంటే కేకూ కాదు, బిస్కెట్టూ కాదు. మైదాలో చల్లటి వెన్న కలిపి కాల్చిన ముద్ద, పైన కాస్త పెళుసుగా, లోపల మెత్తగా పొరపొరలుగా ఉంటుంది. దాని మీద కారమెల్ పాకం పోసి ఇస్తారు. గుమ్మడికాయంటే దప్పళమే తెలిసిన మా అమ్మకి దాల్చినచెక్క వాసనతో తియ్యటి గుమ్మడికాయ కొత్త. పక్కన జామ్‌తో పాటు క్లాటెడ్ క్రీమ్ వచ్చింది. అమ్మ చెంచా కొసతో కొంచెం తీసి నాలిక మీద పెట్టుకుని, "ఇది మీగడే కదే!" అంది. మీగడే. వెడల్పాటి పళ్ళాల్లో క్రీమును సన్నటి సెగ మీద గంటలకొద్దీ కాచి, చల్లారాక పైకి తేలిన చిక్కటి పొర తీస్తారు. ఇంగ్లండులో డెవన్, కార్న్‌వాల్ ప్రాంతాలది అది. చిన్నప్పుడు అమ్మ పొద్దున్నే పాలగిన్నె మీంచి మీగడ తీసి, పంచదార అద్ది మాకు పెట్టేది. ఇప్పుడు తనే ఆ మీగడని స్కోను ముక్క మీద పరిచి, జామ్ అద్ది, పాప నోట్లో పెట్టింది.

కీరదోసకాయ సాండ్విచ్‌లాంటివి శాకాహారులకి దొరుకుతాయి. మూడంతస్తుల స్టాండులో అన్నీ కలిపి తెచ్చే పళ్ళేల్లో కొన్నింటి పేర్లు కూడా కథలోంచి తీసినవే, మ్యాడ్ హ్యాటర్ పేరుతో ఒకటుంటుంది. గుడ్డు విషయం మాత్రం అడిగి తీరాలి. మా అమ్మ కేకులో కలిసిన గుడ్డుని పట్టించుకోదు. మీ అత్తగారికి అదీ పనికిరాకపోతే ప్రతి వంటకానికీ విడివిడిగా అడగండి. కేవలం శాకాహారం అని చెప్తే అమెరికాలో అందులోకి గుడ్డు వచ్చేస్తుంది, గుడ్డు కూడా వద్దని స్పష్టంగా చెప్పాలి.

ఖర్చు. మెనూలో చూసిన అంకెతో లెక్క వేసుకోవద్దు. న్యూయార్క్ నగరంలో అమ్మకపు పన్ను 8.875 శాతం, ఆ పైన టిప్పు 18 నుంచి 20 శాతం. వంద డాలర్లకి తింటే చేతిలోంచి దాదాపు 129 పోతాయి. దోసెకి అలవాటుపడ్డ కడుపుకి ఆ తిండి నిండుగా అనిపించకపోవచ్చు కూడా. అయినా నాకు ఖరీదుగా తోచలేదు. గంటన్నరకి పైగా కూర్చున్నాం, మా అమ్మ ఈ దేశం వచ్చాక అంతసేపు అంత ఉత్సాహంగా మాట్లాడటం అదే మొదలు. మా ఆయన వంటవాడిలా ప్రతిదాన్నీ రుచిచూసే మనిషి, ఆయన వస్తే ఇంకో అభిప్రాయం చెప్పేవాడేమో. ఫోటోలు నాలుగే తీశాను, అవి చాలు.

బయటికొచ్చాక వెంటనే ఇంటికి తిరగొద్దని నా మనవి. సగం దారి ఇంకా ఉంది. 72వ వీధి దగ్గర సెంట్రల్ పార్కులోకి అడుగుపెట్టి తూర్పు వైపు నడిస్తే, బెతెస్డా ఫౌంటెన్ దాటాక, పిల్లలు బొమ్మ పడవలు వదిలే కొలను వస్తుంది. దానికి ఉత్తరాన ఆలిస్ కంచు విగ్రహం ఉంది. పార్కు వెడల్పు సుమారు 800 మీటర్లే, కానీ దారి వంకర్లు తిరుగుతుంది. అమ్మతో ఆగి ఆగి నడిస్తే మాకు ముప్పావు గంట పట్టింది. దారిపొడవునా బెంచీలున్నాయి.

పెద్ద పుట్టగొడుగు మీద కూర్చున్న ఆలిస్, ఒక పక్క హ్యాటర్, ఇంకో పక్క గడియారం పట్టుకున్న కుందేలు. పదకొండడుగుల ఎత్తు. 1959లో హోసే దె క్రీఫ్ట్ అనే శిల్పి చేశాడు. జార్జ్ డెలకోర్ట్ అనే ప్రచురణకర్త, చనిపోయిన తన భార్య మార్గరీటా జ్ఞాపకంగా నగరానికిచ్చాడు. ఆవిడకి పిల్లలకి ఆలిస్ కథ చదివి వినిపించడమంటే ప్రాణమట. ఎక్కొద్దు, ముట్టుకోవద్దు అనే మాటే లేదు. ఎక్కడానికే పెట్టారు. అరవై ఏళ్ళకి పైగా పిల్లలు ఎక్కి, జారి, పట్టుకుని వేలాడి, పుట్టగొడుగుల అంచులు మన గుడి గడపకున్న ఇత్తడిలా నున్నగా మెరుస్తున్నాయి. మా పాప ఆలిస్ ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

అక్కడ బెంచీ మీద అమ్మ సంచీలోంచి పులిహోర డబ్బా తీసింది. పొద్దున నాకు తెలియకుండా సర్దేసింది. చింతపండు పులుసూ, ఇంగువా, వేయించిన వేరుశనగ గుళ్ళూ. స్కోన్ల తీపి తర్వాత ఆ పులుపు ఎంత హాయిగా ఉందో. మీరూ ఏదో ఒకటి కట్టుకెళ్ళండి, హోటల్లో తీయకూడదు గానీ పార్కులో ఎవరూ ఏమీ అనరు.

తింటూ ఉండగా పాప అడిగింది, నిజం ఆలిస్ ఇక్కడికి ఎప్పుడైనా వచ్చిందా అని. వచ్చింది. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. 1932లో, లూయిస్ కారల్ పుట్టి నూరేళ్ళయిన సందర్భంగా కొలంబియా విశ్వవిద్యాలయం ఆవిణ్ణి న్యూయార్క్ పిలిపించి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఎనభయ్యో పుట్టినరోజు ఇక్కడే వచ్చింది ఆవిడకి. మేమెక్కిన 1 నంబరు రైలు ఇంకాస్త ముందుకెళ్తే వచ్చే 116వ వీధే ఆ విశ్వవిద్యాలయం. అప్పటికి భర్త పోయాడు, ముగ్గురు కొడుకుల్లో ఇద్దరు మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారు. పడవలో కథ చెప్పమని అడిగిన పిల్లని చూడాలని ఆ నగరం ఎదురుచూసింది.

అమ్మ తినడం ఆపి విగ్రహం వైపు చాలాసేపు చూసింది. "ఎనభై ఏళ్ళొచ్చినా అందరికీ ఆ పిల్లే" అంది. కాసేపాగి, వాళ్ళ నాన్న తనని గోదావరి మీద లాంచీలో పట్టిసీమ తీసుకెళ్ళిన రోజు చెప్పడం మొదలుపెట్టింది. రేవులో వేడి బజ్జీలు, నీళ్ళలో చెయ్యి పెడితే తాతగారి కేకలు. నలభై ఏళ్ళుగా ఆవిడ కూతుర్ని, ఆ కథ నేనెప్పుడూ వినలేదు. పాప విగ్రహం దిగి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది, రెక్కలు హోటల్లో తిరిగిచ్చేసినా ఇంకా భుజాలు అలాగే ఎగరేస్తూ.

అమ్మ ఊరెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. ఆదివారాలు వీడియో కాల్లో పాపకి కథ చెప్తోంది ఇప్పుడు. ఆవిడ ఆలిస్ పట్టిసీమ లాంచీ ఎక్కుతుంది, కుందేలు రేవులో టిక్కెట్లు అమ్ముతుంది, హ్యాటర్ మీద అలిగిన కాలాన్ని బుజ్జగించడానికి మీగడ పెడతారు. మీరు వెళ్ళేముందు మీ అత్తగారికి టీ పార్టీ ఘట్టం ఒక్కటైనా చెప్పి తీసుకెళ్ళండి. తెలుగులోనే చెప్పండి.